మా ఇంట్లో ‘నొప్పి’ అనకూడదు

నోరిచ్చిన దేవునికి స్తోత్రం. ఆ నోటితో పాడటానికే కాక ఏడవటానికి కూడా సెలవిచ్చిన దేవునికి మరీ స్తోత్రం. మనం పైకి చెప్పే మాటలూ, వాటి కింద దాచిపెట్టే మాటలూ రెండూ వినేవాడికి, విని కూడా మనల్ని తోసివేయనివాడికి మహిమ కలుగును గాక. ఈ వయసులో నా మోకాళ్ళు వంగవు. కుర్చీలో కూర్చునే ఈ స్తుతి చెల్లిస్తున్నాను. చెల్లించాక ఒక మాట చెప్పాలి. నాకు చాలా కోపంగా ఉంది. కోపం మీద రాయకూడదని రెండు వారాలు ఆగాను. తగ్గలేదు. తీసివేయమని ఆయన్ని అడిగాను. ఆయన తీసివేయలేదు. అంటే ఈ కోపానికి ఆయన దగ్గర అభ్యంతరం లేదేమో అనుకుని కలం పట్టుకున్నాను.

రెండు వారాల కిందట కాప్రాలో ఉంటున్న లిల్లీని చూడబోయాను. నాకు చెల్లెలి వరసయ్యే ఆవిడ కూతురు, నన్ను పెద్దమ్మా అని పిలుస్తుంది. బాత్రూంలో జారిపడి మూడు నెలలుగా మంచం మీదే ఉంది. గది నిండా చీటీలు అంటించి ఉన్నాయి. అద్దం మీద, బీరువా మీద, మంచం పక్కన మందులు ఉండాల్సిన బల్ల మీద. ‘నేను సంపూర్ణ ఆరోగ్యవంతురాలిని.’ ‘నేను విజేతను.’ ‘నా నడుము ఉక్కులాంటిది.’ పొద్దున్నే ఆరింటికి సెల్‌ఫోనుకు ఒక మెసేజ్ వస్తుందట, దాన్ని ఇంటిల్లిపాదీ పైకి మూడుసార్లు చదవాలట. నేను మంచం పక్కన కూర్చుని, “నొప్పి ఎట్లా ఉందమ్మా?” అన్నాను. ఆ పిల్ల గబుక్కున పెదవుల మీద వేలు పెట్టుకుని గుమ్మం వైపు చూసింది. గుమ్మంలో దాని మొగుడు. నవ్వుతూనే అన్నాడు, “పెద్దమ్మా, ఆ వర్డ్ మా ఇంట్లో వాడం. నెగెటివ్ ఎందుకు? బలం ఎట్లా ఉందని అడగండి.” మంచినీళ్ళు తెమ్మని అతన్ని పంపి, నేను వంగాను. లిల్లీ నా చెవిలో గుసగుసగా అంది: “చచ్చిపోతున్నా పెద్దమ్మా. ఏడుపొస్తే బాత్రూంలోకి తీసుకుపొమ్మంటున్నా. అక్కడ చీటీల్లేవు.”

వచ్చేముందు అతనికి గుమ్మంలోనే చెప్పాను, రేపే మళ్ళీ డాక్టరుకు చూపించమని. “మీ జనరేషన్‌కు కాన్ఫిడెన్స్ తక్కువ పెద్దమ్మా,” అన్నాడు. ఆటోలో తిరిగివస్తుంటే కోపం మొదలైంది. అతని మాటకు కాదు. పెదవుల మీదికి పోయిన ఆ వేలిని చూసి. ఆ వేలు నాకు తెలుసు. యాభై ఏళ్ళ కిందట సీతాఫల్‌మండిలో, మా ఇంట్లో, మా అక్క పెదవుల మీద చూశాను.

మాది తెనాలి వైపు. నాన్నకు రైల్వేలో గుమాస్తా ఉద్యోగం వచ్చి సికింద్రాబాదు చేరాం. సీతాఫల్‌మండిలో రెండు గదుల వాటా. పట్టాలు దగ్గరే, బండి పోతే వంటింటి గిన్నెలు గలగలమనేవి. అమ్మ మిషన్ బడిలో ఒకటో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పేది. ఆ ఇల్లు తలుచుకుంటే ముందు వచ్చేది కిరసనాయిలు వాసన. తరవాత చికోరీ కాఫీ. ఆ తరవాత నాన్న గొంతు. పొద్దున లేచి మొహం కడుక్కోగానే ఎవరూ ఎవరితోనూ మాట్లాడకూడదు. ఆ రోజు నోటి నుంచి వెలువడే మొదటిమాట ఒప్పుకోలు, అంటే కావాలనుకున్న మేలు అప్పుడే జరిగిపోయినట్టు పైకి పలకటం, కావాలి. స్టవ్ మీద కాఫీ పొంగుతున్నా అమ్మ చేత్తో సైగ చేయాలే గాని, ‘పొంగుతోంది’ అనకూడదు. నలుగురం గోడకు ఎదురుగా వరసగా నిలబడేవాళ్ళం. గోడకు నాలుగు వాగ్దాన కార్డులు ఉండేవి.

ఆ కార్డుల సంగతి తెలియనివాళ్ళకు చెబుతాను. కొత్త సంవత్సరం నాడు ఆరాధన అయ్యాక పాస్టరుగారు ఒక పళ్ళెంలో మడిచిన చిన్న అట్టముక్కలు పెట్టి అందరికీ చాపేవారు. ఒక్కొక్కదాని మీద ఒక్కో వాక్యం. కళ్ళు మూసుకుని ఒకటి తీసుకుంటే ఆ ఏడాదికి అది మన వాగ్దానం. పెద్దవాళ్ళు దాన్ని చదువుకుని, కళ్ళకద్దుకుని, పుస్తకంలో దాచుకునేవారు. ఎప్పుడో తెరిచినప్పుడు చూసుకుని సంతోషపడేవారు. అందులో తప్పేమీ లేదు, నేను ఇప్పటికీ తీసుకుంటాను. నాన్న చేతిలో మాత్రం అది తాయెత్తు అయింది. వాక్యంలోని ‘నీవు’ తీసివేసి ‘నేను’ పెట్టి, ఉదయం నలభైసార్లు, సాయంత్రం నలభైసార్లు పైకి అనిపించేవారు. ఒక ఏడాది నాకు, నన్ను తలగా నియమిస్తాడు గాని తోకగా నియమించడు అనే వాగ్దానం వచ్చింది. “నేను తలను, తోకను కాను” అని నలభైసార్లు అరిచి లెక్కల పరీక్షకు పోయాను. ముప్పయ్యొక్క మార్కులు వచ్చాయి. నాన్న ఆ కాగితం చూసి, “నలభైసార్లూ సరిగా అన్నావా?” అని అడిగారు. లెక్కలు చదివావా అని అడగలేదు.

నాన్నను నేను మూర్ఖుడిగా చూపించడం లేదు. ఆయనకు చిన్నతనంలో నత్తి ఉండేది. ‘అమ్మా’ అనటానికి కూడా పెదవులు కొట్టుకునేవట. మిషన్ బడి పంతులుగారు ఒక కీర్తన కంఠతా పట్టించి, కాలవగట్టు మీద నడుస్తూ రోజూ గట్టిగా చెప్పమన్నారు. ఏడాదిలో నత్తి పోయింది. చెప్పగా చెప్పగా నోరు తిరిగింది. అది దేవుని మేలే, కాదనను. కాని నాన్న దాన్ని అర్థం చేసుకున్న తీరు వేరు. నోరు ఏది అంటే లోకం అది అవుతుందని నమ్మారు. తన నత్తికి పనిచేసింది లోకంలో ప్రతి బాధకూ పనిచేయాలని నమ్మారు. అందుకని ఇంట్లో కొన్ని మాటలు కొట్టివేశారు. నొప్పి, జ్వరం, రాదు, లేదు. బియ్యం డబ్బా అడుగంటితే ‘నిండుకున్నాయి’ అనటం మన ఇళ్ళలో మామూలే, అమ్మకు ఆ ఒక్కచోట ఇబ్బంది ఉండేది కాదు. కాని నాకు జ్వరం వస్తే ఒళ్ళు పట్టుకుని చూసి, ‘ఆరోగ్యం వస్తోంది’ అనాల్సి వచ్చేది. పక్కింటివాళ్ళు తథాస్తు దేవతలుంటారని సంధ్యవేళ చెడుమాట ఎత్తకపోతే నాన్న వెక్కిరించేవారు. మా ఇంట్లో మాత్రం ఆ దేవతలకు ఇరవైనాలుగు గంటలూ డ్యూటీయే. ఆ పోలిక అప్పట్లో ఎవరికీ తట్టలేదు. నాకు తట్టేసరికి నాన్న లేరు.

ఇక అక్క. పేరు దయామణి, నాకంటే ఆరేళ్ళు పెద్దది. ఎవరూ నేర్పకుండానే పాటలో రెండో స్వరం అందుకునేది, సంఘంలో గాయక బృందం దాని మీదే నిలబడి ఉండేది. పదిహేనో ఏట పెద్ద జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గాని చెవుల్లోంచి చీము కారటం మొదలైంది. మాటలు సగం సగం వినపడేవి. సంఘమంతా ప్రార్థన చేసింది. ఒక వారం కారటం ఆగింది, వినికిడి బాగా వచ్చింది. నిజంగానే వచ్చింది. నేను వంటింట్లోంచి మెల్లగా పిలిస్తే వీధరుగు మీంచి పలికింది. ఆ ఆదివారం నాన్న అక్కను ముందుకు తీసుకుపోయి, కన్నీళ్ళతో సాక్ష్యం చెప్పారు. “నా కుమార్తె చెవులు తెరవబడ్డాయి,” అని. జనం చప్పట్లు కొట్టారు. ఆ రోజుకు ఆ సాక్ష్యం నిజం. పై వారం మళ్ళీ చీము కారింది. నిజం మారింది. సాక్ష్యం మాత్రం మారటానికి వీల్లేకపోయింది.

మా పెద్దలు పడిన గోతి ఇదే. రోగం దాచుకునేవాళ్ళు అంతటా ఉంటారు. మేము దాచింది సిగ్గుకు కాదు, దేవుని పరువు కాపాడటానికి! సాక్ష్యం వెనక్కి తీసుకుంటే ఆయన మాట తప్పినట్టు అవుతుందని. ఆస్పత్రికి పోదామని అమ్మ మొదటిసారి అడిగిన రోజు నాకు గుర్తుంది. అమ్మ చేట పట్టుకుని ఉంది, నాన్న బూట్లకు పాలిష్ వేసుకుంటున్నారు.

“ఏ ఆస్పత్రికి?” అన్నారు నాన్న. “అక్కడ ఓపీలో చీటీలు రాసేది ఎవరు? మన ప్రకాశమ్మ.”

“అయితే స్టేషన్ అవతల ఆస్పత్రికి పోదాం.”

“అక్కడ ప్రకాశమ్మ చెల్లెలు.”

“ఇంకోటి చూడండి మరి.”

“మన సంఘం నర్సులు లేని ఆస్పత్రి సికింద్రాబాదులో ఒకటి చూపించు, తీసుకుపోతాను.”

అమ్మ చేట కింద పెట్టి, “మనవాళ్ళు అంతమందిని నర్సులుగా చదివించింది ఇందుకేనా?” అంది. నాన్న రెండో బూటు అందుకున్నారు. నవ్వొస్తుంది కదా? రెండేళ్ళు. ఆ నవ్వులాట మా అక్క తలలో ఎముకను రెండేళ్ళు తిన్నది.

ఆ రెండేళ్ళూ సంఘంలో అక్కను వినేదానిలా నడిపించింది నేను. తొమ్మిదేళ్ళప్పుడు మొదలుపెట్టాను. చాపల మీద ఆడవాళ్ళ వైపు, స్తంభం పక్కన ఇద్దరం కూర్చునేవాళ్ళం. అక్క చేయి నా పరికిణీ మడతల్లో ఉండేది. చిటికెన వేలు లాగితే నిలబడాలి. అరచేతిలో గీత గీస్తే కూర్చోవాలి. రెండుసార్లు తడితే ‘ఆమెన్’. పాట మొదలైతే నంబరు అరచేతిలో రాసి, మోకాలితో మోకాలికి తాళం వేసేదాన్ని. పాటలన్నీ దానికి కంఠతా వచ్చు కాబట్టి కళ్ళు మూసుకుని పాడేసేది. పక్కవాళ్ళు “ఎంత భక్తి!” అనుకునేవారు. నాకు దాచబుద్ధి కావటం లేదు, ఆ పని నాకు చాలా గర్వంగా ఉండేది. నాన్న నా తల నిమిరి, “చిన్నది దేవుని పని చేస్తోంది,” అనేవారు. అక్క కాలేజీ మానేసింది. అడిగినవాళ్ళకు ‘విశ్రాంతి’ అని చెప్పేవాళ్ళం. ఇంట్లో నొప్పా అని నేను సైగ చేస్తే, పెదవుల మీద వేలు పెట్టుకుని గుమ్మం వైపు చూసేది. నేను దాన్ని సంఘంలో ఆదివారానికి సరిపడా వినేదాన్నిగా చూపించి, మిగతా ఆరు రోజులూ చెవిటిదాన్నిగా వదిలేసేదాన్ని.

పక్క వాటాలో మహబూబ్ బీ ఉండేది. వరండాలో మిషన్ పెట్టుకుని గల్లీ అందరికీ జాకెట్లు కుట్టేది. ఒక శనివారం అమ్మ బడి నుంచి రాగానే మా గుమ్మంలోకి వచ్చి నడుం మీద చేయి పెట్టి నిలబడింది.

“ఓ టీచరమ్మా, నీ పెద్ద పోరికి ఇనవడ్తలేదు. మీకు కనబడ్తలేదా ఏందీ?”

అమ్మ వెనక గది వైపు చూసి, “అట్లా అనకండి బీబీ. బాగానే ఉంది,” అంది.

“ఏం బాగ? పొద్దుగాల దాని ఎనకాలనే నా మిషన్ ధడాల్న కిందవడ్డది. సగం గల్లీ ఉరికొచ్చింది. గీ పోరి బట్టలారేస్కుంట నిలవడ్డది, మల్లి సుత సూడలే. గిట్లెన్ని దినాలు?”

అమ్మ గొంతు తగ్గించి చెప్పింది, మేము ఒప్పుకోలులో ఉన్నామని. బాగైందని రోజూ నోటితో పలుకుతున్నామని, వేరే మాట అంటే ఆ విశ్వాసం పాడవుతుందని. మహబూబ్ బీ మొదట నవ్వింది. తరవాత నవ్వు ఆపి, గడప మీద కూర్చుంది.

“ఇగో చూడు. నేను సుత తస్బీ తిప్పుత. దినాం అల్లా పేరు తీస్కుంట. నోరు సాఫ్ అయితది, దిల్ జెర నిమ్మలమైతది. గని మోకాలు నొస్తుంటే ‘నొస్తలేదు’ అని అల్లాకే అబద్ధం జెప్తనా? చేసినోడు ఆయన. ఆయనకు ఎర్కలేదా? దవఖానకు పోదాం పా. తోడు నేనొస్త.”

అమ్మ గిన్నెలు ముందేసుకుని కూర్చుంది. తోమినదే తోమింది.

మర్నాడు ఆదివారం. అందరికంటే ముందు లేచి అమ్మ పెరట్లో ఏదో ఉతుకుతోంది. నాకు మెలకువ వచ్చి వెళ్ళి చూశాను. అక్క దిండు గలీబు. పచ్చటి మరకలు, కుళ్ళిన వాసన. అమ్మ నన్ను చూసి దాన్ని నీళ్ళలో ముంచేసింది. రోజూ ఇదే పని అని అప్పుడు తెలిసింది నాకు. అక్క పళ్ళు బిగబట్టి గోడకు తల ఆనించి కూర్చుంది. నాన్న స్నానం చేసి, తెల్లబట్టలు కట్టుకుని వచ్చి దాని ఎదురుగా కూర్చున్నారు. సువార్తలో చెవిటివాడితో ప్రభువు పలికిన మాట, ‘ఎప్ఫతా’, తెరవబడు అని దానికి అర్థం, అదే అక్కకు నాన్న ఎంచిన మంత్రం. కుడి చెవికి నోరు ఆనించి నలభైసార్లు అనేవారు, అక్క కూడా ఆయనతో అనాలి. ఆ రోజు ఇరవై దాటాక అక్క అరచేత్తో నాన్న మొహాన్ని పక్కకు నెట్టింది. మెల్లగానే నెట్టింది. “నాన్నా, మీ ఊపిరి వేడిగా తగులుతోంది. మండుతోంది,” అంది. మండుతోంది అనే మాట మా ఇంట్లో లేని మాట. నాన్న కళ్ళు మూసుకున్నారు. మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టారు.

నాకు ఇవాళ్టికీ తగ్గని కోపం అదే, ఆ మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టడం. ప్రభువు ఆ చెవిటివాణ్ణి ఏం చేశాడో వాక్యంలో స్పష్టంగా ఉంది. జనంలోంచి పక్కకు తీసుకుపోయాడు, ఒంటరిగా. చెవుల్లో వేళ్ళు పెట్టాడు. ఆకాశం వైపు చూశాడు. నిట్టూర్చాడు. దేవుని కుమారుడు ఒక రోగి బాధ చూసి నిట్టూర్చాడు! ఆ తరవాత ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆ మాట అన్నాడు. మేము నిట్టూర్పు తీసివేశాం. ఒంటరితనం తీసివేశాం, జనం మధ్యకు ఈడ్చాం. మిగిలిన ఒక్క మాటను నలభై చేశాం. వ్యర్థంగా వల్లించవద్దని ఆయనే చెప్పిన సంగతి పిల్లలకు ఆదివారపు బడిలో నేర్పుతూనే చేశాం.

ఆ రోజు ఆరాధనలో, ప్రసంగం మధ్యలో పాస్టరుగారు చేతులు పైకెత్తి, “స్వస్థత పొందిన ప్రతివారూ లేచి నిలబడి దేవుణ్ణి మహిమపరచండి,” అన్నారు. అక్కడొకరు ఇక్కడొకరు లేచారు. అక్క చేయి నా ఒళ్ళో ఉంది. దాని చిటికెన వేలు నా వేళ్ళ మధ్య ఉంది. నేను లాగాలి. లాగలేదు. అది ధైర్యమని ఎవరూ అనుకోవద్దు. పదకొండేళ్ళ పిల్లకు ఏ ఆలోచనా లేదు. వేలు కదలలేదు, అంతే.

“దయామణీ, లే తల్లీ,” అన్నారు పాస్టరుగారు.

అక్క కిటికీలోంచి పడుతున్న ఎండను చూస్తోంది. సంఘంలో కూర్చున్నప్పుడు ఎప్పుడూ పెట్టుకునే చిరునవ్వు పెట్టుకుని ఉంది.

“దయామణీ!”

పిల్లలెవరో కిసుక్కున నవ్వారు. మగవాళ్ళ వైపు నాన్న సగం లేచి నిలబడిపోయారు. మొహాలన్నీ తన వైపు తిరగటం చూసి అక్క నా వైపు తిరిగింది. చెవిటివాళ్ళకు తమ గొంతు తమకు తెలియదు కదా, హాలంతా వినపడేలా అడిగింది, “ఏమైందే? లేవాలా?”

పాస్టరుగారు, “ఈ ఇంట్లో ఎవరి నోరో దేవునికి విరోధంగా పలుకుతోంది. ఎవరిదో అవిశ్వాసం ఈ బిడ్డను పట్టుకుంది,” అన్నారు. అప్పుడు అమ్మ లేచింది. అప్పటిదాకా ఆ హాల్లో పాటకు తప్ప నోరు విప్పని మనిషి. “అయ్యగారూ, మా అమ్మాయికి వినపడదు,” అంది. అంతే. అక్క చేయి పట్టుకుని చాపల మధ్య నుంచి బయటికి నడిచింది. ముగ్గురి చెప్పులూ చేత పట్టుకుని నేను వెనక పరుగెత్తాను.

సోమవారం అమ్మ బడికి సెలవు పెట్టింది. రిక్షాలో మహబూబ్ బీ, అమ్మ, అక్క, అక్క ఒళ్ళో నేను. ఓపీ కిటికీ వెనక ప్రకాశమ్మే ఉంది. మమ్మల్ని చూసి లేచి నిలబడింది.

“వచ్చారా అమ్మగారూ! ఎన్నాళ్ళుగానో చూస్తున్నాం, ఇవాళ తెస్తారు, రేపు తెస్తారని.”

“నీకు తెలుసా?” అంది అమ్మ.

“మాకందరికీ తెలుసండీ. దయామణికి వినపడటం లేదని సంఘంలో తెలియంది ఎవరికి? అందుకే దాని దగ్గర గట్టిగా మాట్లాడేవాళ్ళం.”

“మరి ఒక్కరైనా మాతో అనలేదేం?”

ప్రకాశమ్మ చూపు దించుకుంది. “మీరు విశ్వాసంలో ఉన్నారు కదమ్మగారూ. మేము అంటే అది పాడవుతుందని.”

అమ్మ బెంచీ మీద కూలబడింది. మహబూబ్ బీ మాత్రం ఊరుకోలేదు. “అరె, అందరికి ఎర్కనే! గల్లీకి ఎర్క, గిర్జాకు ఎర్క, దవఖానకు ఎర్క. అందరు గల్సి నాటకమాడిన్రు. పోరి ఒక్కతే పరేషాన్,” అంది, ఓపీ మొత్తం వినేలా.

డాక్టరు మంచివాడు. చాలాసేపు చూసి, చెవి వెనక ఎముక పుచ్చిపోయిందని, ఒక ఏడాది ముందు వచ్చి ఉంటే రెండూ దక్కేవని చెప్పాడు. ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది, ఎడమచెవిలో సగం దక్కింది. కుడి చెవి పోయింది. పాట పోయింది.

ఇంటికి తెచ్చిన వారానికి పాస్టరుగారు వచ్చారు. కుర్చీలో కూర్చుని, కత్తి పెట్టించకుండా ఉంటే దేవుడు పూర్తిగా బాగుచేసేవాడని, తల్లి అవిశ్వాసం అడ్డుపడిందని, అక్క ఎదుటే అన్నారు. అమ్మ ఆయనకు కాఫీ అందించి అడిగింది, “అయ్యగారూ, మీ కళ్ళజోడు ఎవరి అవిశ్వాసం?” ఆయన జోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, కాఫీ తాగకుండానే వెళ్ళిపోయారు. నాన్న ఆయన్ని వీధి చివరిదాకా సాగనంపలేదు. అది మా ఇంట్లో మొదటిసారి.

గోడ మీది కార్డులు నాన్నే తీసేశారు. తప్పయిందని మాత్రం చచ్చేదాకా అనలేదు. అక్కతో ఎక్కడికి నడిచినా దాని ఎడమవైపుకు మారి నడిచేవారు, వినపడే వైపుకు. అది చూసి అమ్మ ఆయన్ని క్షమించింది. నేను ఇంకా ప్రయత్నిస్తున్నాను. ఆయన ప్రభువు దగ్గర ఉన్నారు, నాకంటే బాగా తెలుసుకునే ఉంటారు. ఆ వేళ్ళతో రెండేళ్ళు ఆ నాటకం ఆడించిన నన్ను నేను క్షమించుకోవటం ఇంకా కష్టంగా ఉంది.

వాక్యం వల్లించటం తప్పని నేను అనటం లేదు. నాకు కంఠతా వచ్చిన కీర్తనలే నన్ను నిలబెట్టాయి. మా ఆయన పోయిన రోజు నాకు సొంత మాట ఒక్కటీ రాలేదు, అరువు మాటలే నోట్లో ఆడాయి. సిటీ బస్సులో నిలబడి, పేపర్లు దిద్దుతూ, కందిపప్పు ఏరుతూ నేను వల్లించని రోజు లేదు. కాని ఆ కీర్తనల్లో సగం ఏడుపే. ఎంతకాలం, ఎందుకు మరిచావు, నా ఎముకలు కాలిపోతున్నాయి అని దేవుడి మొహం మీదే అడిగిన మాటలు. అవి మా కార్డుల మీద ఎప్పుడూ అచ్చు కాలేదు. ఏరి ఏరి తీపివి మాత్రమే పళ్ళెంలో పెట్టారు. ఇప్పుడు లిల్లీ ఇంట్లో ఆ పళ్ళెం కూడా లేదు. అప్పటి అబద్ధానికి కనీసం వాక్యం ఆధారం ఉండేది, ఆ అబద్ధం దేవుని నామం కోసం ఆడుతున్నామని అనుకున్నాం. లిల్లీ గది చీటీల్లో ప్రతిదీ ‘నేను’తో మొదలవుతుంది. ఆయన పేరు ఒక్క చీటీ మీదా లేదు. మంచం మీద మనిషి నొప్పితో మెలికలు తిరుగుతుంటే ఆ మనిషి చేతే ఆ నొప్పిని కాదనిపించటం అప్పుడూ పాపమే, ఇప్పుడూ పాపమే. సెల్‌ఫోనులో వచ్చినంత మాత్రాన కొత్త పాపం కాదు.

కిందటి వారం మారేడ్‌పల్లిలో అక్క ఇంటికి పోయాను. డెబ్బై దగ్గరికి వచ్చింది. మహబూబ్ బీ దగ్గర నేర్చుకున్న కుట్టుపనితో బతికింది, వందల మంది ఆడపిల్లలకు నేర్పింది. ఎడమవైపు కూర్చుని లిల్లీ సంగతంతా గట్టిగా చెప్పాను. చెప్పి, ఎన్నాళ్ళుగానో అడగలేకపోయింది అడిగాను.

“అక్కా, నీకు కోపం రాదుటే? చెవి పోయిందని?”

సూదిలో దారం ఎక్కిస్తూ, “చెవి సంగతి ఎప్పుడో వదిలేశానే,” అంది. “చెవులు పోయినవాళ్ళు లోకంలో ఎంతమంది లేరు.”

“మరి?”

అది సూది పక్కన పెట్టింది. గొంతు తగ్గించాననుకుని గట్టిగానే అంది. “ఆ రెండేళ్ళు నాకు ఏమీ వినపడేది కాదు. మనుషులు లేరు, పాట లేదు. ఉన్నది ఆయన ఒక్కడే. రాత్రీ పగలూ ఆయనతోనే మాట్లాడుకోవచ్చు కదా? కాని మోకాళ్ళ మీద కూర్చుంటే ఏం చెప్పాలి? నొప్పిగా ఉందంటే అవిశ్వాసం. బాగుందంటే అబద్ధం. ఆయనతో అబద్ధం చెప్పలేక మానేశానే. రెండేళ్ళు నేను ప్రార్థన చేయలేదు. నాన్నతో కలిసి పెదవులు ఆడించానంతే. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది.”

మా నాన్న, మా పాస్టరుగారు, మా సంఘం, నేను, అందరం కలిసి ఒక పిల్లకు దేవుణ్ణి దూరం చేశాం. ఆయన నామం కాపాడుతున్నామనుకుంటూ.

ఇది చదువుతున్నవాళ్ళని ఒకటి అడుగుతాను. నాతో కలిసి ప్రార్థన చేయండి. కంఠతా వచ్చినవి కాసేపు పక్కన పెట్టండి. నిలబడో, కూర్చునో, పడుకునో, మీ ఒళ్ళు ఎట్లా సహకరిస్తే అట్లా. నేను మొదలుపెడతాను. ప్రభువా, మా అక్కకు కుడి చెవి వినపడదు. లిల్లీకి నడుము నొప్పి భరించరానిదిగా ఉంది. నాకు మోకాళ్ళు నొప్పి, నాన్న మీద కోపం, నా మీద అసహ్యం. ఇవన్నీ నీకు ముందే తెలుసు, అయినా మా నోటితో వినాలని అడుగుతావు. కాబట్టి చెబుతున్నాం. ఇప్పుడు మీది చెప్పండి. ఎక్కడ, ఎంత నొప్పో, ఉన్నది ఉన్నట్టుగా. తొందర లేదు, మీది అయ్యేదాకా నేను ఆమెన్ అనను.